ఏఏ మీటింగ్ అడ్రస్ తర్వాత, ముందు అక్కడికి వెళ్ళే మనిషిని పట్టుకోండి

మీ ప్రశ్న పెద్దది కాబట్టి ముందు కుదించి రాస్తున్నా. మీకు 32 ఏళ్ళు, జనగామ దగ్గర పల్లె. హైదరాబాద్‌లో ఒక డీఅడిక్షన్ సెంటర్‌లో నెల రోజులుండి బయటికొచ్చి మూడు వారాలైంది, ఇంతవరకు మందు ముట్టలేదు. పంపించేటప్పుడు డాక్టరుగారు "ఏఏ మీటింగులకు పోతూ ఉండు" అన్నారు గానీ ఎక్కడో, ఎలాగో చెప్పలేదు. (ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానేసినవాళ్ళు, మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చుని మాట్లాడుకునే సంఘం.) నెట్‌లో వెతికితే ఒక చర్చి అడ్రస్ వచ్చింది. అది చూసి మీ అమ్మగారు "మతం మారుస్తారు, వద్దు" అంటున్నారు. ఊళ్ళో తెలిసిపోతుందేమో, లేచి మాట్లాడమంటారేమో అని మీకు భయం. ఎన్నాళ్ళు వెళ్ళాలి అన్నది ఆఖరి ప్రశ్న.

నేను డీఅడిక్షన్ వార్డులో కౌన్సెలర్‌ని. చాలా ఏళ్ళుగా పేషెంట్లను మీటింగులకు పంపుతున్నా. బయటివాళ్ళను రానిచ్చే ఓపెన్ మీటింగులకు నేనూ పోయి వెనక వరసలో కూర్చుంటా. ఏఏ సభ్యుణ్ణి కాను, వాళ్ళ తరఫున మాట్లాడటమూ లేదు. చూసింది రాస్తున్నా.

సూటిగా చెప్పాలంటే: వెళ్ళండి. కానీ అడ్రస్ పట్టుకుని ఒక్కరే పోకండి. ఆ మీటింగ్‌కు రోజూ వెళ్ళే ఒక మనిషి ఫోన్ నంబరు సంపాదించి, ఆయనతో మాట్లాడి, ఆయన గేటు దగ్గర నిలబడి ఉండగా లోపలికి అడుగుపెట్టండి. మిగతావన్నీ దీని తర్వాతే.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మా వార్డు నుంచి అడ్రస్ చీటీ జేబులో పెట్టుకుని వెళ్ళినవాళ్ళలో చాలామంది ఆ గేటు దాకా పోయి తిరిగొచ్చేస్తారు. "తాళం వేసుంది సార్", "ఎవరూ కనిపించలేదు సార్" అంటారు. నిజానికి తాళం ఉండదు. పక్క సందులో ఇంకో తలుపు ఉంటుంది, దాని మీద బోర్డు ఉండదు. ఉన్నా అరచేతి అంత అట్టముక్క. అమెరికాలో 1981లో దీని మీద ఒక చిన్న అధ్యయనం జరిగింది. 20 మంది పేషెంట్లలో సగం మందికి మీటింగ్ వివరాలు మామూలుగా చెప్పి పంపారు. మిగతా సగం మందికి కౌన్సెలర్ గదిలోంచే ఒక ఏఏ సభ్యుడికి ఫోన్ కలిపించి, ఆయనే వచ్చి తీసుకెళ్ళేలా ఏర్పాటు చేశారు. రెండో సగంలో అందరూ వెళ్ళారు, మొదటి సగంలో ఒక్కరూ వెళ్ళలేదు. ఇరవై మందితో ఏం తేలుతుందని అడగొచ్చు. మా వార్డులో నేను చూస్తున్నదీ దాదాపు ఇదే.

అసలు ఏఏ పుట్టిందే ఇలా. 1935 మే నెలలో బిల్ అనే న్యూయార్క్ స్టాక్ బ్రోకరు పని మీద ఆక్రన్ అనే ఊరికి వెళ్ళాడు. మానేసి కొన్ని నెలలే అయింది. వచ్చిన పని చెడింది. ఉన్న హోటల్లో ఒకవైపు బారు, ఇంకోవైపు టెలిఫోను. అక్కడ గోడ మీద ఉన్న చర్చీల జాబితా చూసి ఫోన్లు చేస్తూ పోయాడు. నాలాంటి తాగుబోతు ఇంకొకడు ఈ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా, నేను వాడితో మాట్లాడాలి అని అడిగాడు. అలా దొరికినాయన డాక్టర్ బాబ్, ఆ ఊరి సర్జన్. బాబ్ ఆఖరిసారి తాగిన రోజుగా చెప్పే 1935 జూన్ 10నే ఏఏ తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకుంటుంది.

ఇక ఆ మనిషి ఎక్కడ దొరుకుతాడు?

మొదట మీరున్న సెంటర్‌కే ఫోన్ చేయండి. చాలా సెంటర్లలో వారానికోసారి ఏఏ సభ్యులు వచ్చి లోపలున్నవాళ్ళతో మాట్లాడి పోతుంటారు. మీరున్నప్పుడూ వచ్చే ఉంటారు, మొదటి వారం మందుల మత్తులో గుర్తుండి ఉండదు. "జనగామ, కాజీపేట వైపు నుంచి మీటింగ్‌కు వచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా, నా నంబరు వాళ్ళకివ్వండి" అని అడగండి. వాళ్ళ నంబరు మీకివ్వడానికి సెంటరువాళ్ళు వెనకాడొచ్చు. మీ నంబరు వాళ్ళకివ్వడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు.

రెండోది, ఏఏ ఇండియా జనరల్ సర్వీస్ ఆఫీసు ముంబైలో ఉంది. వాళ్ళ వెబ్‌సైట్‌లో రాష్ట్రాలవారీగా వివరాలుంటాయి. అక్కడి నంబరుకు చేస్తే ఎత్తేది కూడా మానేసిన మనిషే కావచ్చు. ఏం మాట్లాడాలో తెలియకపోతే ఇంతే చెప్పండి: "నాకు తాగుడు సమస్య ఉంది. మానేసి మూడు వారాలైంది. తెలుగులో మీటింగ్ కావాలి." అవతలివాళ్ళు మీ ఇంటిపేరు, కులం, ఉద్యోగం అడగరు.

మూడోది, ప్రభుత్వ హెల్ప్‌లైన్లు. 14446 కేంద్ర సామాజిక న్యాయ శాఖవాళ్ళ డీఅడిక్షన్ నంబరు, 14416 టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. రెండూ ఉచితం, టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు. వీళ్ళు ముఖ్యంగా చికిత్స ఎక్కడ దొరుకుతుందో చెప్పగలరు. ప్రతి ఏఏ గ్రూపు టైమింగ్ వాళ్ళ దగ్గర ఉంటుందని ఆశించకండి.

ఒక హెచ్చరిక. నెట్‌లో ఏఏ మీటింగ్ అని కొట్టగానే పైన వచ్చేవాటిలో చాలావరకు ప్రైవేటు రీహాబ్‌ల ప్రకటనలు. ఫోన్ చేస్తే "మీటింగ్ సంగతి తర్వాత, ముందు అడ్మిట్ అవ్వండి, వ్యాన్ పంపిస్తాం" అంటారు. ఏఏకు ఆసుపత్రులు లేవు, అడ్మిషన్ ఫీజు లేదు, ఇంటికొచ్చి మనిషిని ఎత్తుకెళ్ళే వ్యాన్లు అసలే లేవు. ఏఏ పేరు చెప్పి డబ్బు అడిగితే ఫోన్ పెట్టేయండి.

మీరున్న చోటి సంగతి. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో వారంలో ఏ రోజైనా ఎక్కడో ఒకచోట మీటింగ్ ఉంటుంది. విజయవాడ, విశాఖ వంటి నగరాల్లోనూ గ్రూపులున్నాయి. చిన్న పట్నాలకు వచ్చేసరికి ఇద్దరు ముగ్గురు మనుషుల మీద నడుస్తుంటాయి, వాళ్ళలో ఒకరికి బదిలీ అయితే ఆగిపోతాయి. కాబట్టి పాత జాబితాను నమ్మి బయల్దేరకండి, ఆ రోజు పొద్దున ఫోన్ చేసి కనుక్కోండి. మీకు సికింద్రాబాద్ రైలు ఉంది కాబట్టి వారానికి ఒకటి, ఆదివారం పగటిపూట జరిగేది చూసుకోండి. సాయంత్రం మీటింగ్ అయిపోయాక స్టేషన్‌లో గంటన్నర ఖాళీగా కూర్చోవడం మీకు ఈ నెలలో మంచిది కాదు. ఇంకొక మాట: స్టేషన్ నుంచి మీటింగ్ దాకా ఏ దారిన పోవాలో కూడా ఫోన్‌లోనే అడగండి. నవ్వరు. ఏ మూల మీద వైన్స్ ఉందో, ఏ సందులోంచి పోతే అది తగలదో వాళ్ళందరికీ కంఠతా వచ్చు.

మిగతా రోజులకు ఆన్‌లైన్. కోవిడ్ తర్వాత జూమ్ మీటింగులు బాగా స్థిరపడ్డాయి, తెలుగువి ఏ రోజు, ఎన్ని గంటలకో మీకు దొరికిన మనిషినే అడగండి. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళు కూడా వీటికి వస్తుంటారు. చేరేముందు జూమ్‌లో మీ పేరు ఎలా కనిపిస్తోందో ఒకసారి చూసుకోండి. ఆఫీసు అకౌంట్ అయితే ఇంటిపేరుతో సహా, కొన్నిసార్లు కంపెనీ పేరుతో సహా వచ్చేస్తుంది. పేరు మార్చుకోండి, కావాలంటే వీడియో ఆపుకోండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. అవతల ఒకాయన తన కాపురం సంగతి చెప్పుకుంటుంటే మీ వరండాలో అందరికీ వినపడకూడదు కదా.

ఇది చదువుతున్న మిగతావాళ్ళ కోసం ఒక ముఖ్య విషయం. ప్రశ్న అడిగినాయన ఆసుపత్రి దశ దాటి వచ్చాడు. మీలో ఎవరైనా ఇప్పటికీ రోజూ పొద్దున్నుంచే తాగుతూ, "రేపటి నుంచి మానేసి మీటింగ్‌కు పోతా" అనుకుంటే, ముందు డాక్టర్ దగ్గరికి పోండి. అలవాటుపడ్డ ఒళ్ళు ఒక్కసారిగా ఆపేస్తే ఊరుకోదు. ఆఖరి పెగ్గు తర్వాత 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి లేనివి కనిపించడం, ఎక్కడున్నారో తెలియకపోవడం వస్తుంది. అది ప్రాణం మీదికి తెస్తుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకుని మానేద్దామనే ఆలోచన ఇంకా ప్రమాదం. ఏళ్ళ తరబడి తాగినవాళ్ళలో విటమిన్ బి1 బాగా తగ్గిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే అవకాశం ఉంది.

"మావాడు మందు ముట్టడు, కల్లే" అనేవాళ్ళకూ ఇదే మాట, ఇంకా గట్టిగా. తెలంగాణలో చాలాచోట్ల కల్లులో ఆల్ప్రజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు కలుపుతున్నారన్నది బహిరంగ రహస్యం. 2015లో ఎక్సైజ్ దాడులు పెరిగి కల్తీ కల్లు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మెదక్ వైపు జనం ఫిట్స్‌తో, పిచ్చి చేష్టలతో ఆసుపత్రులకు క్యూ కట్టారు. అది నిద్రమాత్ర మానితే వచ్చే బాధ, మీటింగ్‌తో తీరదు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి, విశాఖ మానసిక ఆసుపత్రి, లేదా మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీ. ముందు అక్కడికి. మీటింగ్ ఆ తర్వాత.

సరే, లోపల ఏం జరుగుతుంది?

ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగానో, వరసలుగానో వేసి ఉంటాయి. గోడకు పన్నెండు మెట్లు (మనిషి మానడానికి దారి), పన్నెండు సంప్రదాయాలు (గ్రూపు నడిచే పద్ధతి) రాసిన రెండు బ్యానర్లు. బల్ల మీద కొన్ని పుస్తకాలు, కరపత్రాలు, ఫ్లాస్కులో టీ. ఎనిమిది మంది ఉండొచ్చు, ముప్పై మంది ఉండొచ్చు. ఆ రోజుకు ఒకరు చైర్‌పర్సన్. ఆయన అధికారి కాదు, వచ్చే వారం ఇంకొకరు ఆ కుర్చీలో ఉంటారు. చిన్న ప్రార్థనతో మొదలై, పుస్తకంలోంచి ఒక పేజీ చదివి, తర్వాత ఒక్కొక్కరూ మాట్లాడతారు. "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అనగానే అందరూ పేరుపెట్టి పలకరిస్తారు. మొదటిసారి అది కొంచెం స్కూలు ప్రేయర్‌లా అనిపించి నవ్వొస్తుంది, ఫరవాలేదు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ కల్పించుకోరు, "నువ్వలా చేసుండాల్సింది కాదు" అని సలహా చెప్పరు. మనవాళ్ళు నలుగురు చేరిన చోట ఉచిత సలహా వినపడని స్థలం నాకు తెలిసి ఇదొక్కటే. గంట, గంటన్నరలో అయిపోతుంది.

మీరు మాట్లాడాల్సిన పని లేదు. మీ వంతు వస్తే "ఇవాళ వింటాను" అంటే చాలు. నెలల తరబడి అలా విన్నవాళ్ళు ఉన్నారు. మాట్లాడాలనిపిస్తే ఏం చెప్పాలన్నది కూడా పెద్ద చిక్కు కాదు: తాగినప్పుడు ఏమైంది, ఎందుకొచ్చాను, ఇప్పుడెలా ఉంది. అంతే. చివర్లో ఒక డబ్బానో సంచో తిరుగుతుంది. పదో ఇరవయ్యో వేస్తారు. కొత్తవాళ్ళు వెయ్యకపోయినా ఎవరూ చూడరు. బయటివాళ్ళ విరాళాలు తీసుకోకపోవడం వాళ్ళ సంప్రదాయం. అద్దె, టీ ఖర్చు ఆ డబ్బాలోంచే.

ఓపెన్, క్లోజ్డ్ అని రెండు రకాలుంటాయి. ఓపెన్‌కు ఇంట్లోవాళ్ళు, నాలాంటివాళ్ళు ఎవరైనా రావచ్చు. క్లోజ్డ్‌కు మానాలన్న కోరిక ఉన్నవాళ్ళు మాత్రమే. సభ్యత్వానికి అర్హత కూడా అదొక్కటే. సభ్యత్వ ఫారం ఉండదు, రుసుము ఉండదు.

ఇక్కడ మీ అమ్మగారి సంగతి. మీటింగులు చర్చి ఆవరణల్లో ఎక్కువగా జరుగుతాయన్నది నిజమే. కారణం మామూలుది: వారానికి ఒక సాయంత్రం, తక్కువ అద్దెకు, తాగుబోతులని తెలిసి కూడా గది ఇచ్చేవాళ్ళు తక్కువ. చర్చిలు, మిషన్ స్కూళ్ళు ఇస్తాయి. కొన్ని గ్రూపులు ఆసుపత్రుల్లో, కమ్యూనిటీ హాళ్ళలో నడుస్తాయి. గది చర్చిది, మీటింగ్ చర్చిది కాదు. నేను వెళ్ళే చోట బొట్టు పెట్టుకున్నవాళ్ళు, టోపీ పెట్టుకున్నవాళ్ళు, మెడలో శిలువ ఉన్నవాళ్ళు పక్కపక్కనే కూర్చుంటారు.

అయితే దేవుడి ప్రస్తావన ఉండదా అంటే, ఉంటుంది, దాచను. పన్నెండు మెట్లలో ఆ మాట వస్తుంది, "మేము అర్థం చేసుకున్న మేరకు" అన్న వెసులుబాటుతో. మా దగ్గరికొచ్చిన ఒక రిటైర్డ్ టీచరు పక్కా హేతువాది. మొదటి మీటింగ్ నుంచి బయటికొచ్చి "భజన బృందంలా ఉంది" అని మండిపడ్డారు. అయినా వెళ్ళారు, ఎందుకంటే సాయంత్రం ఏడింటికి ఆయనకు వెళ్ళడానికి వేరే చోటు లేదు. దేవుడి మాట వచ్చినప్పుడల్లా ఆ గదిలో ఉన్న మనుషుల్ని తలుచుకుంటానని తర్వాత చెప్పారు. ప్రార్థన సమయంలో ఊరికే నిలబడతారు. ఎవరూ ఏమీ అనలేదు. అది కూడా పడనివాళ్ళకు స్మార్ట్ రికవరీ అని ఇంకో పద్ధతి ఉంది, 1990లలో అమెరికాలో మొదలైంది. దేవుడి ప్రస్తావన లేకుండా ఆలోచనా విధానం మీద పనిచేస్తుంది, ఆన్‌లైన్ మీటింగులున్నాయి, కానీ చాలావరకు ఇంగ్లీషులో.

అమ్మగారిని ఒప్పించడానికి వాదన పెట్టుకోకండి. ఒక ఓపెన్ మీటింగ్‌కు తీసుకెళ్ళండి. తన కొడుకు వయసువాడు లేచి తల్లి గాజులు తాకట్టు పెట్టిన సంగతి చెబితే, ఆమెకు ఆ గది ఎవరిదన్న ప్రశ్న గుర్తుండదు.

ఊళ్ళో తెలుస్తుందా? మీరు తాగుతారన్న సంగతి ఊరికి కొత్తగా తెలియాల్సింది కాదు. తెలియంది మానేశారన్నదే. ఇక మీటింగ్ గోప్యత చట్టం కాదు, ఆచారం. కానీ గట్టి ఆచారం, ఎందుకంటే అక్కడున్న ప్రతివాడికీ అదే అవసరం. మా పేషెంట్ ఒకాయన మొదటి రోజు లోపలికి పోగానే ఎదురు కుర్చీలో తన బ్రాంచ్‌లోనే పనిచేసే అధికారి కనిపించాడు. వెనక్కి తిరగబోతే ఆ అధికారే లేచొచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బ్యాంకులో ఇప్పటికీ ఇద్దరూ ఆ సంగతి ఎత్తరు. ఒక్క జాగ్రత్త: కోర్టు కేసులు, ఆస్తి గొడవలు, ఇంకొకరి పరువుకు సంబంధించినవి మీటింగ్‌లో విప్పకండి. అవి స్పాన్సర్‌తోనో, లాయరుతోనో, మాలాంటివాళ్ళతోనో.

స్పాన్సర్ అంటే మీకంటే ముందు మానేసి, మీకు దారి చూపే సభ్యుడు. ఎవరూ కేటాయించరు, మీరే అడగాలి. తొందరేం లేదు. మీటింగ్‌లో గొప్పగా మాట్లాడేవాణ్ణి కాదు, ఫోన్ ఎత్తేవాణ్ణి చూసుకోండి. మగవాళ్ళు మగవాళ్ళనే, ఆడవాళ్ళు ఆడవాళ్ళనే అడగడం అక్కడి పద్ధతి. అప్పు అడిగినా, ఇచ్చినా ఆ బంధం చెడుతుంది. ఆడవాళ్ళకు మన దగ్గర ఇది ఇంకా కష్టం, గదిలో ఒక్కతే ఆడమనిషి అయ్యే రోజులెక్కువ. వాళ్ళకు నేను మహిళల ఆన్‌లైన్ మీటింగులతో మొదలుపెట్టమని చెబుతాను.

ఇక ఎన్నాళ్ళు అన్న ప్రశ్న. దీనికి జవాబు మీ ఊళ్ళోనే ఉంది. అయ్యప్ప మాల వేసుకున్న నలభై ఒక్క రోజులు చుక్క ముట్టనివాళ్ళు మీకు ఎంతమంది తెలుసు? ఇరవై ఏళ్ళుగా రోజూ తాగేవాడు కూడా ఆ మండలం పాటు చెక్కుచెదరడు. అందరూ అది భక్తి మహిమ అంటారు, కాదనను. కానీ ఆ రోజుల్లో ఇంకా ఏమేం ఉన్నాయో చూడండి. పొద్దున లేచే వేళ మారింది. సాయంత్రం వైన్స్ తెరిచే వేళకు పూజ, భజన. కలిసి భిక్ష. స్వామీ అని పిలిచే పది మంది. తప్పు చేస్తే అడిగే గురుస్వామి. కొండకెళ్ళి వచ్చి మాల తీసిన రోజు సాయంత్రం ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. ఏడింటికి మనిషి మళ్ళీ ఒంటరి. ఆ రాత్రే బాటిల్ తెరిచినవాళ్ళను లెక్కలేనంతమందిని చూశాను. మీటింగ్ చేసే పని ఆ సాయంత్రాన్ని నింపి ఉంచడం, మాల తీసే రోజంటూ లేకుండా. కొత్తవాళ్ళకు 90 రోజుల్లో 90 మీటింగులని అక్కడ ఒక మాట ఉంది. జనగామ నుంచి అది కుదిరేది ఆన్‌లైన్ కలుపుకుంటేనే. నా లెక్కా దాదాపు అదే: మొదటి మూడు నెలలు రోజూ ఏదో ఒకటి, ఏడాది దాకా వారానికి రెండు మూడు, ఆ తర్వాత మీకే తెలుస్తుంది. (మాల వేసుకోబోయే రోజూ తాగేవాళ్ళు కూడా పైన రాసిన వణుకు, ఫిట్స్ సంగతి మర్చిపోవద్దు. ఇరుముడి కట్టకముందే ఆసుపత్రికి వచ్చే స్వాములు ఏటా కార్తీకంలో ఉంటారు.)

ఇది నిజంగా పనిచేస్తుందా, లేక నమ్మకమేనా? 2020లో వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, 10,565 మందిని కలిపి చూసింది. పేషెంట్లను ఏఏలో పద్ధతిగా కుదిర్చిన చికిత్సల్లో ఏడాది నాటికి పూర్తిగా మానినవాళ్ళు వందకు 42 మంది, ఇతర కౌన్సెలింగ్ పద్ధతుల్లో 35 మంది. మహత్యమేం కాదు, కానీ ఖర్చు దాదాపు లేని పనికి అది చాలా ఎక్కువ. 'పద్ధతిగా కుదిర్చిన' అన్న మాట గమనించండి, చీటీ చేతిలో పెట్టి పంపినవాళ్ళ లెక్క కాదది. ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం అమెరికావి అన్నదీ గుర్తుంచుకోవాలి.

దీనితోపాటు మాత్రలు. తాగాలన్న యావ తగ్గడానికి డాక్టరు నాల్‌ట్రెక్సోన్ గానీ అకాంప్రొసేట్ గానీ రాసుంటే మానకండి. మీటింగ్‌లో ఎవరో ఒక పెద్దాయన "మాత్రలు కూడా మత్తే, వదిలెయ్" అనవచ్చు. అది ఆయన సొంత అభిప్రాయం. సభ్యులు డాక్టర్ల పాత్ర పోషించొద్దని ఏఏ కరపత్రమే చెబుతుంది. డైసల్ఫిరామ్, అంటే ఆల్కహాల్ ఒంట్లోకి పోతే ఒళ్ళు తిరగబడేలా చేసే మాత్ర, ఇచ్చుంటే మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోండి: దగ్గు సిరప్పులు, ఒంటికి మంచిదని ఇంట్లో తాగే ద్రాక్షారిష్టం, అశ్వగంధారిష్టం వీటిలోనూ ఆల్కహాల్ ఉంటుంది. ఇంట్లోవాళ్ళకు ఒక మాట: మనిషికి చెప్పకుండా కూరలో, మజ్జిగలో ఈ మందు కలపడం మన దగ్గర మామూలైపోయింది. అతను తెలియక తాగితే బీపీ పడిపోయి గుండె మీదికి రావచ్చు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. ఆ ఆరాటానికి వేరే చోటుంది. తాగేవాళ్ళ కుటుంబాల కోసం 1951లో మొదలైన ఆల్-అనాన్ మీటింగులకు భార్య, తల్లి వెళ్ళవచ్చు. భర్త ఏఏకు రానని మొండికేసినా సరే.

మీటింగులో మీకు నా కౌన్సెలింగ్ గదిలో దొరకనిది ఒకటి దొరుకుతుంది. మీలాంటి ఊళ్ళోనే బతుకుతూ మానేసినవాళ్ళ కిటుకులు. దసరా వస్తుంది, దావత్‌లుంటాయి. బోనాలకు సాక పొయ్యాలి. చుట్టాల ఇంట్లో దినాలకు పెద్దాయన పేరు మీద గ్లాసు పెడతారు, తర్వాత అది ప్రసాదంలా చేతులు మారుతుంది. మా పేషెంట్ ఒకాయన చెల్లెలి పెళ్ళి బరాత్‌ను కూడా నిబ్బరంగా దాటాడు గానీ మేనమామ దినాల రోజు జారిపోయాడు. "వద్దంటే చనిపోయినాయన్ని అవమానించినట్టని అన్నారు సార్" అన్నాడు. నేను చెప్పగలిగింది పుస్తకంలో ఉన్నది: కాదని గట్టిగా చెప్పడం నేర్చుకో. మీటింగ్‌లో ఒక లారీ డ్రైవరు చెప్పింది వేరు. "కల్లు పట్టుకునే పని, పోసే పని తమ్ముడికి అప్పజెప్పు. నువ్వు వంట దగ్గర ఉండు. రెండు చేతులకూ పసుపో, మసాలానో అంటి ఉంటే నీకు ఎవడూ గ్లాసు ఇయ్యడు. తిండి పెట్టే టైముకు ముందే బండి తీసి వచ్చెయ్." తర్వాతి దసరాకు మనవాడు మటన్ కోసే దగ్గర నిలబడ్డాడు, గట్టెక్కాడు.

ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోదానికి పోండి. ఒకచోట అన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, ఇంకోచోట ఒకే మనిషి అరగంట మాట్లాడతాడు, మరోచోట అందరూ మీ తండ్రి వయసువాళ్ళే. మూడు నాలుగు చూడకుండా తీర్పు ఇవ్వకండి.

ఆఖరుది మీరు అడగలేదు గానీ అడుగుతారు. మధ్యలో తాగేస్తే? ఆ మరుసటి రోజే వెళ్ళండి. ముఖం చెల్లక నెలల తరబడి దూరంగా ఉండిపోయేవాళ్ళే ఎక్కువ నష్టపోతారు. మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క పెట్టుకుంటారు, అంతే. జరిమానా లేదు, పేరు కొట్టెయ్యరు. తాగి ఉండగా కూడా రానిస్తారు, గొడవ చెయ్యకుండా వెనక కూర్చుంటే. ఆ స్థితిలో మాత్రం ఆన్‌లైన్‌లో చేరకుండా మీకు దొరికిన ఆ మనిషికి ఫోన్ చేయండి. ఆ నంబరు ఫోన్‌లో ఏ పేరుతో దాచుకోవాలని ఒకతను నన్ను అడిగాడు. చాలామంది 'ప్లంబర్' అనో 'ఎల్‌ఐసీ' అనో పెట్టుకుంటారు. మీరు ఏ పేరైనా పెట్టుకోండి గానీ జాబితాలో పైనే ఉండేలా చూసుకోండి, రాత్రి చేతులు వణుకుతున్నప్పుడు వెతుక్కోవడం కష్టం. సెంటర్‌కు రేపు పొద్దున పదింటి తర్వాత ఫోన్ చేయండి, ఆ వేళకు కౌన్సెలర్లు డ్యూటీలో ఉంటారు. నంబరు దొరక్కపోతే ఇక్కడే కింద రాయండి, సికింద్రాబాద్ వైపు నాకు తెలిసినవాళ్ళను అడిగి చూస్తాను.